పెట్టె నిండేదాకా

ఈ వారమే ఈ వీధిలోకి అడుగుపెడుతున్నవారికి నాలుగు ముక్కల్లో సంగతి ఇది. మత్తుమాత్రలు పిల్లల చేతుల్లో పడకుండా వీధివాళ్లంతా కలిసి కమిటీ కట్టుకుని పదకొండు నెలలైంది. ఇళ్లలో వాడగా మిగిలిన నొప్పిమాత్రలూ నిద్రమాత్రలూ తెచ్చి వేయడానికి పది వారాల కిందట బడి వరండాలో ఒక ఇనప పెట్టె పెట్టారు. పెట్టె ఇచ్చింది, దానికి తాళం ఇచ్చింది, అందులో పడినదాన్ని ఆస్పత్రికి చేర్చి కాల్పించే పని తలకెత్తుకున్నది ఇనప సామాన్ల కొట్టు యజమాని. మేకులు తూకానికి అమ్మి పైకొచ్చినవాడు కాబట్టి వీధికి ఆయన మేకులాయన. గురువారం నాడు, బట్టలు కుట్టే మిషనక్క కూతురు కాలేజీ మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయింది. శుక్రవారం ఆ పిల్ల పుస్తకాల సంచిలో మాత్రల అట్ట ఒకటి దొరికింది. ఇవాళ ఆదివారం, కమిటీ బడిలో కూర్చునే రోజు.

మూడో తరగతి గదిలో బల్లలు మూడో తరగతి పిల్లలకు సరిపడేవే. వాటి మీద కూర్చున్న పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డాలకు ఆనించుకుని ఉన్నారు. మామూలు ఆదివారమైతే స్కూలు వ్యాను డ్రైవరు ఈపాటికి ఏదో ఒకటి అనేవాడు. "పెద్ద టీచరమ్మా, ఇంకో నెల ఇలాగే కూర్చోబెడితే మమ్మల్ని నాలుగులోకి పంపించాల్సి వస్తుంది" అని పోయినసారే అన్నాడు. ఇవాళ అతను కూడా తన చెప్పులవంక చూసుకుంటున్నాడు.

మిషనక్క కూర్చోలేదు. నేరుగా టీచరు బల్ల దగ్గరికి నడిచి, చేతిసంచిలోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టింది. పది మాత్రల అట్ట. ఆరు గూళ్లు ఖాళీగా ఉన్నాయి. మధ్యలో నీలం దారం చుట్టి ముడేసి ఉంది.

"ఈ ముడి చూడండి," అంది. గొంతు పెంచలేదు. "గుండీ కుట్టాక దారం జారకుండా వేసే ముడి ఇది. ఈ వీధిలో ఇలా వేసేది నేనొక్కదాన్నే. అట్ట మీద రాసింది నాకు చదవటం రాదు. అందుకని మా ఆయన మంచం మీదున్నప్పుడు పొద్దుటివాటికి తెల్లదారం కట్టేదాన్ని, రాత్రివాటికి నీలందారం. ఆయన పోయాక నాలుగు అట్టలు మిగిలితే ఈ చేత్తోనే తెచ్చి పెట్టెలో వేశాను. అందరికంటే ముందు నేనే వేశాను. మీరంతా చప్పట్లు కూడా కొట్టారు."

మిషనక్క అట్టను అందరికీ కనిపించేలా తిప్పి పెట్టింది.

"వేసింది పెట్టెలో. దొరికింది నా కూతురి సంచిలో. మధ్యలో దారేంటో మీలో ఎవరైనా చెప్పండి. నేను వినడానికే వచ్చాను."

మేకులాయన ఆ అట్టవంక చూడలేక కిటికీవంక చూశాడు. అవును, చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది తనే. ఈ కమిటీలోకి ఎవరేం తెచ్చారో ఆయనకు నోటికి వచ్చు. పెద్ద టీచరమ్మ తన బడి గదినీ, తల్లిదండ్రుల్ని పిలిస్తే వచ్చే నమ్మకాన్నీ తెచ్చింది. నర్సమ్మ ఆస్పత్రి తలుపు తెరిచింది. వ్యాను డ్రైవరు వీధి నాలుగు మూలలా తిరిగే రెండు కళ్లు తెచ్చాడు. మందుల షాపు పెద్దాయన, డాక్టరు చీటీ లేనిదే ఒక్క మాత్ర ఇవ్వనని మాట ఇచ్చాడు. ఆయన్ని చూసి మిగతా మూడు షాపులూ ఆ మాటకే కట్టుబడ్డాయి. మిషనక్క తెచ్చింది మాత్రం వీటన్నిటికంటే బరువైనది. చనిపోయిన మనిషి మందులు తెచ్చి పదిమంది ముందు పెట్టింది. ఆమెను చూశాకే మిగతా ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

ఇంతకీ తను తెచ్చిందేమిటి? ఒక పెట్టె. ఒక తాళం.

పెద్ద టీచరమ్మ గొంతు సవరించుకుంది. "నిన్న నేనూ నర్సమ్మా కలిసి పెట్టె తెరిపించాం. సగానికి పైన ఉండాల్సింది, అడుగున కాస్త ఉంది. దగ్గుమందు సీసాలు, జ్వరం బిళ్లలు, అంతే."

"ఏరి తీశారు," అంది నర్సమ్మ. "నొప్పివీ నిద్రవీ ఒక్కటి మిగల్లేదు. పనికిరానివి ముట్టుకోలేదు."

"అంటే ఏది ఏదో తెలిసినవాడే తీశాడు," అన్నాడు వ్యాను డ్రైవరు, తలెత్తకుండానే.

గదిలో తలలన్నీ ఒకేసారి తిరగలేదు. ఒక్కొక్కటే, మొహమాటంగా, ఎడమవైపు చివరి బల్లమీదికి తిరిగాయి. అక్కడ మందుల షాపు పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. పెట్టెకు రెండే తాళంచెవులు. ఒకటి మేకులాయన దగ్గరుంది. రెండోది ఈయన దగ్గర.

"నావైపు ఎందుకు చూస్తున్నారో అర్థమైంది," అన్నాడాయన. "నా కొట్టు నిండా అవే ఉన్నాయి నాయనా. పెట్టెలో చెయ్యిపెట్టి దేవుకోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది?"

"కొట్లో ఉన్నవాటికి లెక్క చెప్పాలి పెద్దాయనా," అన్నాడు డ్రైవరు. "పెట్టెలోవాటికి ఎవడు చెప్పాలి?"

"నోరు జారకు," అంది టీచరమ్మ.

"జారలేదమ్మా. ఉన్నమాటే అన్నాను. పొద్దున్నే నా వ్యానెక్కే పిల్లలు ముప్పైరెండు మంది. మొన్నటిదాకా ఆ పిల్ల కూడా అందులోనే ఎక్కేది. ముందు సీటు కోసం నాతో రోజూ పేచీ పెట్టుకునేది."

టీచరమ్మ సంచిలోంచి తాళంకప్ప తీసి మేకులాయన చేతికిచ్చింది. "మీ సరుకే కదా, మీరే చూసి చెప్పండి. దీన్ని ఏమైనా పగలగొట్టారా?"

అరచేతిలో పడగానే ఆయనకు తెలిసిపోయింది. తిరగేసి చూడాల్సిన అవసరం కూడా లేదు, అయినా తిరగేశాడు. కింద చిన్నగా 7 అని అచ్చుకొట్టి ఉంది.

తాళాల సంగతి కొనేవాళ్లకు తెలియదు. అమ్మేవాళ్లకు తెలుసు. మంచి కంపెనీ తాళమైతే వేలల్లో ఒక చెవి ఇంకోదానికి కలుస్తుంది. చవక తాళాలకు అన్నేసి రకాల చెవులు చేయరు. పన్నెండు రకాలు చేసి, ఏ రకమో గుర్తు కోసం తాళం మీదా చెవి మీదా అంకె కొడతారు. ఒకే అంకె ఉన్నవన్నీ ఒకే చెవికి తెరుచుకుంటాయి. తెలివైన వర్తకుడు అంకెలు కలిపి అమ్ముతాడు, పక్కపక్క ఇళ్లకు ఒకే అంకె పడకుండా చూసుకుంటాడు. మేకులాయన పాతికేళ్లు అలాగే చూసుకున్నాడు. నిరుడు మాత్రం ఒక లాటు చవకగా వచ్చింది. రెండు డజన్లు, అన్నీ ఏడే. వెనక్కి పంపాల్సింది. పంపలేదు. ఒకటి ఈ వీధికీ ఒకటి ఆ వీధికీ సర్దుదాంలే అనుకున్నాడు. సర్దే ఓపిక నాలుగో తాళంతోనే అయిపోయింది. కమిటీకి పెట్టె ఇచ్చేటప్పుడు, ఊరికే ఇచ్చేది కదా అని చెయ్యి దానంతటదే ఆ లాటులోకే వెళ్లింది.

అదే లాటులోంచి మిషనక్క కూడా తన కుట్టుకొట్టు తలుపుకు ఒకటి కొనుక్కుంది. "గట్టిదేనా అన్నయ్యా?" అని అడిగింది. "గట్టిదేనమ్మా" అన్నాడు.

"ఏమంటారు?" అంది టీచరమ్మ.

"పగలగొట్టలేదు," అన్నాడు మేకులాయన. "గీత కూడా పడలేదు."

నిజమే చెప్పాడు. సరుకు అమ్మేటప్పుడు కూడా ఆయన అబద్ధం ఆడి ఎరగడు. అడగనిది చెప్పి ఎరగడు, అంతే.

"అయితే చెవితోనే తీశారు," అన్నారెవరో.

ఆ మాటతో మందులాయన మీద ముడి బిగిసింది. మేకులాయన ఇప్పుడు లేచి చెప్పాలి. ఈ తాళానికి చెవులు రెండు కాదు, వీధి నిండా ఉన్నాయని చెప్పాలి. లేచాడు కూడా. తొమ్మిది మొహాలు చూశాడు. ఈ తొమ్మిది ఇళ్లలో ఏడిళ్ల తలుపులకు ఉన్న తాళాలు తన కొట్టువే.

"తప్పు నాది," అన్నాడు.

అందరూ తలలెత్తారు.

"వారానికోసారి పెట్టె ఆస్పత్రికి పంపాలని నర్సమ్మ చెప్పింది. నేను పంపలేదు. పది వారాల్లో ఒక్కసారి కూడా పంపలేదు. నిండాక ఒకేసారి పంపుదాం అనుకున్నాను. సగం లోడుకు బండి తియ్యడం అలవాటు లేనివాణ్ణి. నాలుగిళ్ల నుంచి తీసి ఒక్కచోట కుప్పపోసి వదిలేశాను. అదే ఈ అనర్థానికి మొదలు."

కొట్లో బేరం ముదిరినప్పుడు చేసే పనే ఇది. పెద్దది దాచుకోవాలంటే చిన్నది వదులుకోవాలి. కొనేవాడు ఆ చిన్నదానికే మెత్తబడి పోతాడు. ఇక్కడా అలాగే జరిగింది. నర్సమ్మ నిట్టూర్చింది. "నేనూ ఆస్పత్రి స్టోర్లో కనుక్కోవాల్సింది, వస్తున్నాయనే అనుకున్నా," అంది. వ్యాను డ్రైవరు, "నీకూ వంద పనులు అన్నయ్యా. ఒప్పుకున్నావు చూడు, అదీ మనిషితనం," అన్నాడు. మిషనక్క మాత్రం ఆయన్ని ఒక్కసారి చూసి, అట్టను తిరిగి సంచిలో పెట్టుకుంది.

క్షమించేస్తుంటే ఒళ్లు ఇంత మండుతుందని మేకులాయనకు ఇన్నేళ్లలో తెలియదు.

మందుల షాపు పెద్దాయన లేచాడు. జేబులోంచి తాళంచెవి తీసి, నడిచి వచ్చి, మేకులాయన ముందున్న బల్ల మీద పెట్టాడు.

"ఆరుసార్లు వచ్చి కూర్చున్నావు నా కొట్లో," అన్నాడు. "నువ్వు లేకపోతే ఇది కమిటీ కాదు, కాలక్షేపం అన్నావు. సరే అని వచ్చాను. మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. మా ఇంట్లోవాళ్లు వద్దంటున్నా వచ్చాను. ఏడోసారి మాత్రం రాకు."

"పెద్దాయనా, ఎవరూ మిమ్మల్ని..." అంది టీచరమ్మ.

"ఎవరూ అనలేదమ్మా. చూశారు. చాలు." గుమ్మం దగ్గర ఆగాడు. "రేపట్నుంచి నా కొట్టు నాది. చీటీ సంగతి నేను చూసుకుంటాను, మీకు చెప్పను. మిగతా మూడు షాపులవాళ్లు ఏం చేస్తారో వాళ్లనే అడగండి."

చెప్పుల చప్పుడు వరండా దాటింది. గొలుసులో ఒక లింకు తెగితే మిగతా లింకులు ఎంత గట్టివైనా ఒకటే. ఈ వీధిలో అందరికంటే బాగా ఆ సంగతి తెలిసినవాడు చేతిలోని తాళంతో పాటు బల్ల మీది చెవిని కూడా తీసి జేబులో వేసుకున్నాడు.

ఆదివారం కొట్టుకు సెలవు. మేకులాయన షట్టరు నడుం దాకా ఎత్తి, వంగి లోపలికి దూరాడు. వెనక అరలో అట్టపెట్టె దొరికింది. రెండు డజన్లలో తాళాలు మూడు మిగిలాయి. మూడింటినీ గల్లా బల్ల మీద వరసగా పెట్టాడు. మందులాయన ఇచ్చిన చెవి మొదటిదాంట్లో పెట్టి తిప్పాడు. టక్కున తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. మూడోదాంట్లో పెట్టడానికి చెయ్యి రాలేదు.

తను వాడుకున్నవి పోను పదిహేడు బయట ఉన్నాయి. ఒకటి పెట్టెకు, ఒకటి మిషనక్కకు. మిగతా పదిహేనూ ఎవరికి అమ్మాడో గుర్తు చేసుకోవాలని చూశాడు. సగం మొహాలు గుర్తొచ్చాయి. తను వాడుకున్న నాలుగింటిలో గోడౌను తలుపులకు మూడు, బండి వెనక పనిముట్ల పెట్టెకు ఒకటి. వాటి చెవులు మిగతావాటితో కలిసిపోకుండా తలకు ఎర్ర పెయింటు చుక్క పెట్టుకున్నాడు. సొంత సరుకుకు ఆ జాగ్రత్త తీసుకున్నాడు. వీధికి తీసుకోలేదు.

"ఏంటన్నయ్యా, ఆదివారం కూడా తాళాలు లెక్కెడుతున్నావు?"

షట్టరు కింద నుంచి తమ్ముడి తల కనిపించింది. నలభై రెండేళ్లొచ్చినా అందరికీ చిన్నోడే. కొట్టు బండి నడిపేది అతనే. నిరుడు లోడు దించుతూ బండి మీంచి వెల్లకిలా పడ్డాడు. నడుం పట్టేసి నాలుగు నెలలు మంచం దిగలేదు. పూటకు రెండు నొప్పిమాత్రలు మింగేవాడు. డాక్టరు ఆపేయమన్నప్పుడు పాపం చాలా ఇబ్బంది పడ్డాడు. తర్వాత తర్వాత తేరుకున్నాడు. పెట్టె పెట్టిన రోజు మిషనక్క వెనకే నిలబడి తన మిగులు మాత్రలు కూడా వేసి, "ఇక నాకు వీటితో పనిలేదు" అని అందరినీ నవ్వించాడు.

"ఏం లేదురా," అన్నాడు మేకులాయన, తాళాలు అట్టపెట్టెలో పడేస్తూ. "బండి ఉందా?"

"బయటే ఉంది. ఎక్కడికి?"

"ఆస్పత్రికి. మిషనక్క కూతుర్ని చూడాలి."

తమ్ముడు ఒక్క క్షణం ఆగాడు. "పిల్లకు తెలివొచ్చిందా?"

"పొద్దున వచ్చిందట."

"మంచిదే," అన్నాడు చిన్నోడు. షట్టరు తనే దించి, వంగి తాళం వేసి లేచాడు. దారంతా మామూలుగానే మాట్లాడాడు. సిమెంటు ధర గురించి, బండి క్లచ్ గురించి. మీటింగులో ఏమైందని అడిగాడు. పెట్టె పంపడంలో ఆలస్యం చేశానని ఒప్పుకున్నానని మేకులాయన చెప్పాడు.

"అది నీ తప్పెలా అవుతుంది? నిండాక వెళ్దామన్నది నేను," అన్నాడు తమ్ముడు, రోడ్డువైపే చూస్తూ.

అవును, వాడే అన్నాడు. మొదటి వారంలోనే. "సగం లోడుకి బండెందుకన్నయ్యా" అన్నాడు. వీడికి ఇన్నాళ్లకు వర్తకం ఒంటబట్టిందని మేకులాయన ఆ రోజు లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

"యజమాని నేను. విన్నది నేను," అన్నాడు. "నువ్వు బయటే ఉండు. పది నిమిషాల్లో వస్తాను."

వార్డులో కిటికీ పక్క మంచం. పిల్ల కళ్లు మూసుకుని ఉంది. పదిహేడేళ్లదైనా ఆ తెల్లదుప్పటి కింద పన్నెండేళ్లదానిలా కనిపించింది. మిషనక్క స్టూలు మీద కూర్చుని, పిల్ల చొక్కా చేతికి ఊడిన కుట్టు సరిచేస్తోంది. ఆయన్ని చూసి సూది ఆపలేదు.

"కూర్చో అన్నయ్యా. స్టూలు ఒకటే ఉంది. మంచం అంచున కూర్చో."

మేకులాయన కూర్చోలేదు. "నీ కొట్టు తాళంచెవి ఓసారి ఇస్తావా అమ్మా?"

ఆమె ఆయన మొహం చూసింది. ఎందుకని అడగకుండా సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన జేబులోంచి పెట్టె తాళం తీసి, దాంట్లో ఆ చెవి పెట్టి, ఆమె చూస్తుండగా తిప్పాడు.

టక్కుమంది.

మిషనక్క సూది చొక్కాలోనే ఉండిపోయింది. చాలాసేపు ఆ తెరుచుకున్న తాళంవంకే చూసింది.

"రెండూ ఒకే లాటువి," అన్నాడు మేకులాయన. "అన్నిటికీ ఒకటే చెవి. నాకు తెలుసు. తెలిసే అమ్మాను. తెలిసే పెట్టెకు వేశాను. పొద్దున అందరి ముందూ చెప్పాల్సింది ఇది. చిన్న తప్పు ఒకటి ఒప్పుకుని దీన్ని దాచుకున్నాను. మందులాయన్ని దొంగలా పంపించేశాను."

"అంటే," అంది మిషనక్క నెమ్మదిగా, "చెవి నా ఇంట్లోనే ఉంది. రోజూ మేకుకి తగిలించేదాన్ని. నా చేత్తో నేనే..."

"కాదు," అన్నాడాయన. "అది నీ మీద వేసుకోకు. నువ్వు గట్టిదేనా అని అడిగావు. నేను గట్టిదే అన్నాను. ఆ మాట నాది. దాని బరువు కూడా నాదే."

మిషనక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. "పొద్దున నువ్వు తప్పు నాదంటుంటే చూశాను," అంది చివరికి. "కొట్లో గుడ్డ చూపిస్తూ చిరుగు మీద బొటనవేలు పెట్టే మనిషిలా ఉన్నావు. ఏదో ఉందనుకున్నా. పిల్ల లేచాక అడుగుదామనుకున్నా."

"అమ్మా," అంది పిల్ల.

ఇద్దరూ తిరిగారు. ఎప్పట్నుంచి వింటోందో ఏమో, కళ్లు తెరిచే ఉన్నాయి.

"నేను తీసింది రెండు అట్టలే అమ్మా. నీలందారంవి. వేరేవి ముట్టుకోలేదు."

"ఎందుకే?" అంది మిషనక్క. "ఏం తక్కువైందని?"

"నిద్ర పట్టట్లేదు. నాన్న పోయినప్పట్నుంచి." పిల్ల పైకప్పువంక చూస్తూ మాట్లాడింది. "నీలందారం రాత్రిది కదా. అది వేసుకున్నాక నాన్న మూలుగు ఆగేది. నాకూ ఆగుతుందనుకున్నా. ఒకటి వేసుకుంటే పడుకునేదాన్ని. తర్వాత ఒకటి చాలేది కాదు."

మిషనక్క చేతిలోని చొక్కా కింద పడింది. లేచి పిల్ల తల తన పొట్టకు ఆనించుకుంది. ఎదురుమంచం దగ్గరివాళ్లు చూపు తిప్పుకున్నారు. మేకులాయన నేల మీది గళ్లు చూస్తూ నిలబడ్డాడు. ఈ వీధిలో మాత్రలెన్ని, షాపులెన్ని, పిల్లలెందరు అని పదకొండు నెలలుగా అందరూ లెక్కలేశారు. మొగుడు పోయిన ఇంట్లో పిల్ల నిద్రపోతోందా అని అడగాలని మాత్రం ఏ ఒక్కరికీ తోచలేదు.

"మన కొట్టు చెవి దానికి పడుతుందని నీకెలా తెలిసింది?" అంది తల్లి కాసేపటికి.

"మొదట మన చెవి కాదమ్మా. శనివారాలు పెట్టె పక్కన కమిటీ బోర్డు మీద ఆ వారం మంచిమాట రాయడానికి వెళ్తాను కదా. ఓ శనివారం పొద్దున్నే వెళ్లేసరికి పెట్టె తాళానికి చెవి వేలాడుతోంది. ఎవరో మర్చిపోయి వెళ్లారు. తీసి చూస్తే పైనే నీలందారం కనిపించింది. ఒక అట్ట తీసుకుని, చెవి అక్కడే వదిలేసి పారిపోయాను. దాని మీద ఏడు అని ఉంది. మన చెవి మీదా ఏడే. తర్వాత వారం మనదాంతో ప్రయత్నించాను. అప్పటికే లోపల సగం లేవు. ఎవరో తీస్తూనే ఉన్నారు. నాకంటే ముందు నుంచే."

మిషనక్క మేకులాయనవైపు తిరిగింది. "చెవి మర్చిపోయి వెళ్లారంటే... ఉన్నవి రెండేగా. నువ్వు కాదు. మరి మందులాయనేనా?"

"ఆయనదే అనుకున్నా నేను కూడా," అంది పిల్ల. "చెవి తలకి ఎర్ర చుక్క ఉంది. పెయింటు చుక్క."

కిటికీ బయట ఎవరో బండి వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది. మేకులాయనకు ఆ ఒక్క చప్పుడే వినిపించింది. ఎర్ర చుక్క. గోడౌను చెవులు మూడూ తన ఇంట్లో, తన దిండు కింద గుత్తిలో ఉంటాయి. నాలుగోది బండి గుత్తిలో ఉంటుంది.

"మందులాయన చెవికి ఎర్ర చుక్క ఉందా అన్నయ్యా?" అంది మిషనక్క. "నువ్వేగా ఇచ్చింది ఆయనకి. నీకు తెలిసుండాలి."

ఒక్క మాట చాలు. ఉంది అంటే సరిపోతుంది. పొద్దున గదిలో అందరూ అనుకున్నదే నిజమవుతుంది. వెళ్లిపోయిన మనిషి వెళ్లిపోయే ఉన్నాడు, ఆయన మళ్లీ వచ్చి కాదనడు. నలభై రెండేళ్లుగా తన వెనకే నడిచినవాడు, పడినప్పుడు తన చేతుల్లోనే పిల్లాడిలా ఏడ్చినవాడు, ఏ మాటా పడకుండా ఇంటికి వస్తాడు. ఇంత చవకైన బేరం ఆయన జన్మలో చూడలేదు.

జేబులో చెయ్యిపెట్టాడు. మందులాయన బల్ల మీద పెట్టిన చెవి వేళ్లకు తగిలింది. తీసి మిషనక్క అరచేతిలో పెట్టాడు.

"ఇదే ఆయనది. చూసుకో. ఏ చుక్కా లేదు."

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో గీకి కూడా చూసింది. "మరి ఆ చెవి ఎవరిది?"

"సాయంత్రం అందర్నీ మళ్లీ బడికి రమ్మను," అన్నాడు మేకులాయన. "మందులాయన ఇంటికి నేనే వెళ్తాను, కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను. తాళం సంగతి చెప్తాను. చెవి సంగతి కూడా."

"నీకు తెలుసా ఎవరిదో?"

ఆయన పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి తీశాడు. వార్డు దాటాడు. మెట్లు పద్దెనిమిది. దిగేటప్పుడు ప్రతి మెట్టూ విడివిడిగా తెలిసింది.

బయట ఎండలో బండి ఆగి ఉంది. తమ్ముడు డ్రైవరు సీటు దిగి నిలబడ్డాడు. ఎవరో ముసలావిడ ఆస్పత్రికి తెచ్చుకున్న బరువైన ట్రంకుపెట్టెను ఒంటిచేత్తో అవలీలగా ఎత్తి మెట్ల మీద పెడుతున్నాడు. రెండో చేతి వేలికి తాళాల గుత్తి ఊగుతోంది. గుత్తిలో ఎర్రగా ఒక చుక్క ఎండకు మెరిసింది.

"ఏరా," అన్నాడు మేకులాయన. "నడుం నొప్పి లేదూ?"

తమ్ముడు నడుం నిటారుగా చేసి నవ్వాడు.

"పది వారాలైంది అన్నయ్యా. అసలు నొప్పన్నదే తెలియట్లేదు."